మా నాన్న జాయింటు కారదు

గోడకు చెవులుంటాయని పెద్దలు చెప్పారే గాని, గోడకు నోరు కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాగజ్యోతికి శ్రావణ మాసం మొదట్లో, తలంటు పోసుకుంటున్న పూట తెలిసింది. బకెట్టు నిండగానే కుళాయి కట్టేసింది. కట్టేశాక ఎక్కడో "టప్" మంది. కుళాయి వంక చూసింది, చుక్క లేదు. షవరు వంక చూసింది, అది ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది. మళ్ళీ "టప్" మంది. గీజరు కిందగా, నీలం పూల టైల్సు వెనక, గోడ లోపలినుంచి వచ్చింది ఆ చప్పుడు.

ఇంకో ఇంటి కోడలైతే తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "అత్తయ్యా, గోడలో నీళ్ళు కారుతున్నాయి, చూడండి" అని చెప్పేసి తన మానాన తాను కాఫీ తాగేది. నాగజ్యోతికి ఆ సుఖం లేదు. ఆ గోడలో పైపులు వేసినవాడు ఆమె కన్నతండ్రి.

అనకాపల్లి గవరపాలెంలో కనకరాజుగారంటే బెల్లం వ్యాపారస్తుల్లో పేరున్న మనిషి. ఆయన చిన్న కోడలే నాగజ్యోతి. పెద్ద కొడుకు కుటుంబం వేరే ఊళ్ళో ఉంది కాబట్టి ఇంట్లో మిగిలిన కోడలు ఈమె ఒక్కతే. ఇంట్లో ఒక మూలగదిని ఇప్పటికీ బెల్లంగది అనే అంటారు. కొట్టు మార్కెట్టుకి మారక ముందు దిమ్మలన్నీ అక్కడే ఉండేవి. కనకరాజుగారి తల్లి మరిడమ్మకు ఎనభై దాటి, మోకాళ్ళు మొరాయించి, పెరట్లో నాలుగు మెట్లు దిగి స్నానాలగదికి వెళ్ళడం గండంగా మారింది. అందుకని మొన్న ఫాల్గుణంలో ఆ బెల్లంగది మూల అటక కింద బాత్రూమ్ కట్టించారు. పని విశాఖపట్నం వాళ్ళెవరికో ఇద్దామని కనకరాజుగారు అంటూండగా, ఆ ఇంట్లో అడిగితే తప్ప మాట్లాడని నాగజ్యోతి నోరు విప్పింది.

"మా నాన్న చేస్తాడు మామయ్యా. మా నాన్న జాయింటు కారదు" అంది.

ఆమె తండ్రి వెంకటరమణ కోటవురట్లలో ముప్ఫై ఏళ్ళుగా ప్లంబరు. పైపుకి గమ్ము రాసి, ఎల్బో తొడిగి, రెండు చేతులా బిగబట్టి ముప్ఫై లెక్కపెట్టేదాకా వదలడు. "ఇరవైకి వొదిలీసినోడి పని ఇరవై రోజులు, ముప్ఫైకి వొదిలీసినోడి పని ముప్ఫై ఏళ్ళు" అనేది ఆయన శాస్త్రం. చిన్నప్పుడు సెలవుల్లో ఆ లెక్కపెట్టే ఉద్యోగం నాగజ్యోతిదే. కాబట్టి ఆ మాట ఆమె గొప్పకు అన్నది కాదు, తెలిసి అన్నది.

కనకరాజుగారికి బాత్రూమ్ తెగ నచ్చింది. దసరా వెళ్ళాక పైన వేయబోయే మేడకి పైపుల పని మొత్తం బావగారిదేనని నలుగురి ముందూ అన్నారు కూడా. కోటవురట్లలో వెంకటరమణ ఆ కబురు ఎంతమందికి చెప్పుకున్నాడో నాగజ్యోతికి తెలుసు. ఆయన తెలిసినవాళ్ళకి చెప్పి ఊరుకోలేదు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా చెప్పాడు.

ఇప్పుడు ఆ గోడలోంచి "టప్".

నాగజ్యోతి ఆ చప్పుడుని ఎనిమిది రోజులు దాచింది. చప్పుడుని ఎలా దాస్తారని అడగొచ్చు. లోపలున్నంత సేపూ కుళాయి ధారగా వదిలేసేది. అత్తగారు వరహాలక్ష్మి గుమ్మం దగ్గర తచ్చాడితే పాటలు కూడా ఎత్తుకునేది. పెళ్ళై వచ్చిన ఏడాదిన్నరలో ఎన్నడూ కూనిరాగమైనా తీయని కోడలు బాత్రూమ్‌లో గొంతెత్తి పాడుతుంటే, వరహాలక్ష్మి విశేషమేమోనని మరోలా అర్థం చేసుకుని పక్కింటావిడకి గుసగుసగా చెప్పి, కోడలికి రెండు రోజులు దానిమ్మ గింజలు ఒలిచి పెట్టింది. నాగజ్యోతి ఆ గింజలు తింటూ దొంగలా తల దించుకుంది.

దాచడమే కాదు, పరిశోధన కూడా చేసింది. గీజరు వేసిన అరగంటకి చప్పుడు మొదలయ్యేది. గీజరు వేయని రోజు గోడ మూగనోము పట్టేది. అంటే వేడినీళ్ళ పైపే. వేడికి జాయింటు వదులవుతోందన్నమాట. కింద గోడ మూల, టైల్సు సందులోంచి సన్నగా ఎర్రటి తడి కూడా దిగింది. ఆరో రోజున ఇక పట్టలేక తండ్రికి ఫోను చేసింది.

"నాన్నా, ఆ వేడినీళ్ళ పైపుకి గమ్ము బాగా రాసేవా?"



"ఎందుకలాగడుగుతన్నావు?" అన్నాడు వెంకటరమణ.

"ఊరికే నాన్నా."

"ఊరికే ఎవులూ అడగరే ఆ మాట" అని ఫోను పెట్టేశాడు. నాగజ్యోతి ఆ పూట అన్నం సగంలో వదిలేసింది.

తొమ్మిదో రోజు కరెంటు పోయింది. ట్యాంకులో నీళ్ళయిపోయాయి. కుళాయి మోత లేదు. గీజరు మాత్రం అప్పటికే గంటసేపు వెలిగి ఉంది. సరిగ్గా అప్పుడే మరిడమ్మ చేతికర్ర తాటించుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆవిడ చెవులు మోకాళ్ళలా కావు, బంగారం లాంటివి.

"ఒరే కనకరాజూ! గోడ ఏడుత్తందిరా!" అని లోపలినుంచే కేకేసింది. "నాను ముందే సెప్పేను, బెల్లంగదిలో నీలు పెట్టొద్దని. ఇన్నారా ఎవులైనా? లచ్చిందేవి ఉండే సోటది. ఏడవక నవ్వుతాదేటి!"

ఇంటిల్లిపాదీ బాత్రూమ్‌లో చేరారు. ఆ గది ఒక మనిషి కోసం కట్టింది, అయిదుగురు దూరారు. కనకరాజుగారు గోడకి చెవి ఆనించారు. వరహాలక్ష్మి రెండో చెవి ఆనించింది. అచ్యుతాపురం కంపెనీలో నైటు షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన నాగజ్యోతి భర్త త్రినాథ్ ఆ చప్పుడుని సెల్‌ఫోనులో రికార్డు చేసి స్నేహితులకి పంపించాడు. దెయ్యం సినిమాకి బాగా పనికొస్తుందని వాళ్ళు జవాబిచ్చారు.

"టప్" మంది గోడ. "ఇన్నావా?" అంది మరిడమ్మ, తనే కనిపెట్టి చేసిన వస్తువుని చూపించినట్టు.

కనకరాజుగారు కింద మూలనున్న ఎర్రటి తడిని చూసి, "తుప్పు కూడా దిగుతోంది" అన్నారు. తర్వాత కోడలి ముఖం చూసి గొంతు తగ్గించారు. "ఫర్వాలేదమ్మా. బావగారిని ఓసారి వచ్చెళ్ళమను. అంతే."

ఆయన కేకలేసి ఉంటే నాగజ్యోతికి ఇంత బాధ ఉండేది కాదు. మర్యాదగా అనడంతో గోరుచుట్టు మీద రోకటిపోటైంది.

మర్నాడు ఆదివారం. చిన్న జల్లులో తడుస్తూ వెంకటరమణ ఎక్సెల్ బండి మీద దిగాడు. సామాన్ల గోతం దింపి, అందులోంచి పెద్ద పైపు రెంచీ తీసి లోపలికి తీసుకెళ్ళకుండా వీధరుగు మీద పెట్టాడు. ఆ రెంచీ ఆయన మొదటి సంపాదనతో కొన్నది. పిడికి పట్టిన నలుపు ఆయన చేతి నలుపే.

"బావగారూ, ఒక్క మాట" అన్నాడు, కాళ్ళు కూడా కడుక్కోకుండా. "ఈ గోడలో నా జాయింటు కారితే ఈ రెంచీ ఇక్కడే వొదిలీసి ఎల్లిపోతాను. మరి జన్మలో ముట్టను. మీ మేడపని మాటే కాదు, మా ఊర్లో కుళాయి కూడా ఇప్పను."

"అదేటి మాట బావగారూ, చిన్న లీకుకి!" అన్నారు కనకరాజుగారు.

"సిన్నదీ పెద్దదీ నాకు తెల్దు. నోటితో అన్నాను, అంతే" అన్నాడు వెంకటరమణ. అని కూతురి వైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు.

నాగజ్యోతికి తండ్రి సంగతి తెలుసు. ఆయన మాటంటే మాటే. ఒకసారి మేనమామతో పందెం వేసి ఓడి, చుట్ట మానేసిన మనిషి పాతికేళ్ళయినా మళ్ళీ చుట్ట ముట్టలేదు. ఇప్పుడు రెంచీ మానేస్తే ఆయన ఏం చేస్తాడు? ఏభై ఎనిమిదేళ్ళ వయసులో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎలా కూర్చుంటాడు? ఇదంతా తను ఫోనులో అడిగిన ఒక్క ప్రశ్న వల్ల వచ్చిందని ఆమెకు తెలుసు.

వెంకటరమణ ముందు గీజరు వేయించాడు. అరగంటకి గోడ మొదలెట్టింది. స్టీలు గ్లాసు గోడకి బోర్లించి, దాని అడుగున చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పైనుంచి కిందదాకా పదిచోట్ల విన్నాడు. డాక్టరుగారు రోగి వీపు మీద వింటున్నట్టు అందరూ ఊపిరి బిగబట్టారు. తర్వాత ట్యాంకు దగ్గర గేట్‌వాల్వు కట్టేయించి, కుళాయిలన్నీ తిప్పి, పైపుల్లో చుక్క లేకుండా వదిలేశాడు.

"టప్" మంది గోడ.

"సూసేరా! పైపులో నీల్లేవు. అయినా కారతన్నాది" అన్నాడు వెంకటరమణ, కళ్ళు మెరుస్తూ.

"గోడలో నిలవున్న నీళ్ళేమో బావగారూ" అన్నారు కనకరాజుగారు నెమ్మదిగా. అదీ న్యాయమైన మాటే. వెంకటరమణ కళ్ళలో మెరుపు తగ్గింది.

"మరి ఈ తుప్పో? నాను ఏసింది ప్లాస్టిక్ పైపు. దానికి తుప్పెలాగొత్తాదండీ?"

 పైపుల వెనక్కి నీళ్ళు పైనుంచి దిగుతున్నాయేమో చూద్దామని ఆయన అటక ఎక్కడానికి నిచ్చెన అడిగాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి తలపాగా సర్దుకుంటున్న దేముడు గబుక్కున ముందుకొచ్చాడు. దేముడు ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా కళాసీ. వేల దిమ్మలు ఎత్తి దింపిన వీపు అతనిది.

"మీరెందుకు బాబూ, ఈ వయసులో! నానున్నాను కదా" అని నిచ్చెన ఎక్కి, తల అటకలోకి దూర్చి, నిమిషం ఉండి దిగొచ్చాడు. "సుక్క నీరు లేదు బాబూ. సుబ్బరంగా పొడిగున్నాది."

ఇక మిగిలింది గోడ పగలగొట్టడమే. ఆ పని చెప్పినంత తేలిక కాదు. నీలం పూల టైల్సు కోసం వరహాలక్ష్మి విశాఖపట్నంలో మూడు రోజులు తిరిగింది. ఆ రకం ఇప్పుడు ఎక్కడా దొరకదు. పైపులు కనపడకుండా పక్కా గోడకి జానెడు ముందు సన్నగోడ కట్టించి, దాని మీద ఆ టైల్సు వేయించింది. వీధిలో ఏ పెళ్ళివారొచ్చినా ఆ బాత్రూమ్ చూసే వెళ్ళేవారు.

"పగలగొట్టండన్నయ్యగారూ" అంది ఆవిడ, పెంచుకున్న కోడిని కొయ్యమన్నట్టు. అని మొహం అటు తిప్పుకుంది.

వెంకటరమణ ఉలీ సుత్తీ తీసుకుని నేల మీద గొంతుకూర్చున్నాడు. ఏ టైలు తీస్తే తక్కువ నష్టమోనని సందులు తడుముతూ పోయాడు. తడుముతున్న చెయ్యి ఆగింది.

"జ్యోతమ్మా, ఈ సీమలేటే ఇన్ని?"

అందరూ నవ్వారు. అంత బరువుగా ఉన్న గదిలో ఆ నవ్వు ఎలా వచ్చిందో తెలియదు.

"చీమల్లేని గది మా ఇంట్లో ఏదండీ అన్నయ్యగారూ?" అంది వరహాలక్ష్మి, మళ్ళీ ఇటు తిరిగి. "మంచాల కోళ్ళకింద నీళ్ళ పళ్ళేలు పెట్టుకునే వంశం మాది."

"మా తాతగారి పెళ్ళి ఫోటోలో కూడా చీమలున్నాయి" అన్నాడు త్రినాథ్.

"అవును నాన్నా, ఇక్కడ చీమలు మామూలే" అంది నాగజ్యోతి కూడా.

వెంకటరమణ తల తిప్పి కూతుర్ని చూశాడు. పొద్దున్నుంచీ ఆయన ఆమెను చూడడం అదే మొదలు.

"మామూలేటి?" అన్నాడు. "కాపరానికొచ్చిన కొత్తలో నాకు ఫోను సేసి ఏడిసేదానివి. 'నాన్నా, ఈ ఇంట్లో సీమలు, పడుకోలేకపోతన్నాను. ఎటు తిరిగినా బెల్లం వాసన, తల నొప్పొచ్చేత్తంది' అని. ఇప్పుడు మామూలైపోనాదా?"

 నిజమే. వచ్చిన కొత్తలో నాగజ్యోతి పక్క దులపకుండా కూర్చునేది కాదు, చీమల బారులకి ఫోటోలు తీసి తండ్రికి పంపేది. ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. చివరిసారి ఈ ఇంట్లో బెల్లం వాసన ఎప్పుడు వచ్చిందని తనని తాను అడుక్కుంది. గుర్తు రాలేదు. వాసన పోయిందా మరి? వాసన ఎక్కడికి పోతుంది, ముక్కే అలవాటు పడిపోయింది.

ఒకసారి ఆ ఆలోచన వచ్చాక ఆమెకు చీమలు కొత్తగా కనపడ్డాయి. వంటింట్లో చీమలకు పనుంది. వీధి గదిలో చీమలకు పనుంది. బాత్రూమ్‌లో వాటికేం పని? సబ్బు తినడానికి వచ్చాయా? తండ్రి పక్కనే నేల మీద కూర్చుని బారుని కళ్ళతో పట్టుకుంది. నీళ్ళు పోయే జాలీ వైపు పోవడం లేదు. తిన్నగా మూలకి పోయి, ఎర్రటి తడి దగ్గర గుంపు కట్టి, టైలు సందులోకి దూరుతున్నాయి. దూరినవి ఒకటొకటే బయటికొస్తున్నాయి, విందు భోజనం చేసి వచ్చిన పెళ్ళివారిలా మెల్లగా.

నాగజ్యోతి ఆ తుప్పు మీద వేలు రాసి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

"ఛీ ఛీ! బాత్రూమ్ గోడ నాకుతావేటే!" అని అరిచింది వరహాలక్ష్మి.

నాగజ్యోతి వేలు తీయకుండానే తండ్రి వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వూ వచ్చింది.

"నాన్నా, తియ్యగున్నాది" అంది.

వెంకటరమణ కూడా వేలు రాసి నాకాడు. కనకరాజుగారు మూడో వేలు పెట్టారు. మూడు తరాలుగా బెల్లాన్ని కొస కొరికి ఊరు పేరు చెప్పగల వంశంలో మనిషి. నాలుక మీద ఒకసారి తిప్పి కళ్ళు చిట్లించారు.

"చీడికాడ సరుకు" అన్నారు. "ఈ సంవత్సరం తొలి కోతది. ఇది... ఇది మన బోణీ దిమ్మ రుచి!"

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఏటా కొత్త బెల్లం దిగగానే మార్కెట్టులో వేలం పాడిన మొదటి దిమ్మని అమ్మరు. పసుపు పూసి, గోతం చుట్టి, బెల్లంగది అటక మీద తూర్పు మూలన పెడతారు. మరుసటి ఏడాది కొత్త దిమ్మ వచ్చేదాకా అది కదలకూడదు. బాత్రూమ్ కట్టేటప్పుడు దాని కింద స్నానాలేమిటని కనకరాజుగారు దిమ్మని మార్కెట్టులో కొట్టుకి మార్పించి, అమ్మవారి పటం కింద పెట్టించారు. అయిదు నెలలుగా రోజూ దానికి అగరొత్తులు వెలిగిస్తున్నారు.

"బోణీ దిమ్మ కొట్లో ఉంది కదా! పొద్దున్న కూడా హారతిచ్చాను" అన్నారాయన.

 దేముడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, నిచ్చెన మెట్లు లెక్కపెడుతున్నాడు. మరిడమ్మకి ఉన్నట్టుండి చేతికర్ర చివర ఏదో అతుక్కున్నట్టుంది, తదేకంగా దాన్నే చూస్తోంది.

"దేముడూ" అన్నారు కనకరాజుగారు.

"బాబూ, నన్నడక్కండి. ఒట్టేయించుకున్నారు" అన్నాడు దేముడు, మరిడమ్మ వైపు చూస్తూ.

"అటక మీద పొడిగుందని చెప్పేవు కదరా!"

"మీరు నీరుందా అని సూడమన్నారు. నీరు లేదు. లేదన్నాను" అన్నాడు దేముడు. "బెల్లముందా అని ఎవులూ అడగలేదు బాబూ."

ఇక లాభం లేదనుకుంది మరిడమ్మ. కర్ర నేలకేసి కొట్టింది. "అవునురా, నానే తెప్పించేను! ఉగాదికి ముందు, నువ్వు విజయనగరం పెళ్ళికెల్లినప్పుడు. మీ నాన్న నలబై ఏళ్ళు పెట్టిన సోటు. సోటు మారితే బోణీ మారిపోదేటి? ఈ ఏడు యాపారం బాగున్నాదా లేదా? మరెందుకు బాగున్నాదనుకున్నావు, నీ తెలివికా?"

"మరి నేను రోజూ హారతిస్తున్నదెవరికే అమ్మా?"

"కొట్లో అడ్డంగా ఉన్న దిమ్మేదో ఒకటి పెట్టమన్నాను. అదీ బెల్లవే కదరా" అంది మరిడమ్మ.

త్రినాథ్ గోడకి ఆనుకుని నవ్వుతూ కిందకి జారిపోయాడు. కనకరాజుగారు మొదట కోపం తెచ్చుకోబోయారు గాని, నవ్వే ముందొచ్చింది. వరహాలక్ష్మి అన్నిటికన్నా ముందు ఉలీ సుత్తీ తీసుకెళ్ళి దూరంగా పెట్టేసింది.

ఈసారి వెంకటరమణ ఎవరినీ ఎక్కనివ్వలేదు, తనే నిచ్చెన ఎక్కాడు. గోతం విప్పితే దిమ్మ సగానికి సగం కరిగి ఉంది. శ్రావణం చెమ్మకి బెల్లం ఎలాగూ నీరుకారుతుంది. దానికితోడు సరిగ్గా కింద గీజరు. అది వెలిగినప్పుడల్లా అటక పలక వేడెక్కి, పాకం పారి, పైపులు దిగే కన్నంలోంచి గోడ సందులో పడుతోంది. వెంకటరమణ ఆ కన్నంలోంచి టార్చిలైటు వేసి కిందకి చూశాడు. 

"ఏటి నాన్నా?" అంది నాగజ్యోతి కిందనుంచి.

"నా గమ్ము డబ్బా" అన్నాడు. "పని అయిన్నాడు ఎతికి ఎతికి ఒగ్గీసేను కదా. ఇందులో పడిపోనాది."

ఇనపతీగకి కొక్కెం వంచి డబ్బాని పైకి లాగాడు. నిండా నల్లటి పాకం, పాకం నిండా చీమలు. టప్ టప్ మన్నది పాకం ఆ రేకు డబ్బాలో పడుతున్న చప్పుడు. టైలు ఒక్కటీ పగల్లేదు, జాయింటు ఒక్కటీ కారలేదు.

నాగజ్యోతికి ఎగిరి గంతేయాలనిపించింది. కనకరాజుగారు, "చూసేరా బావగారూ, మీ జాయింటు కారలేదు. మేడపని మీదే" అంటున్నారు. వెంకటరమణ మాత్రం నవ్వలేదు. డబ్బా కింద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, బావగారి ఎదుట నిలబడ్డాడు.

"జాయింటు కారలేదు, నిజమే" అన్నాడు. "గానీ పైపు దిగిన కన్నం సుట్టూ సిమ్మెంటు పెట్టి మూయాల. అది నా పనే. ఆ రోజు పొద్దుపోయి, రేపు సేద్దామని మర్సిపోనాను. మూసుంటే బెల్లం గోడలోకి దిగీది కాదు. ఆ డబ్బా కూడా నాదే. తప్పు నాది సగం ఉంది."

ఎవరూ అడగని తప్పు ఎవరూ చూడని చోటినుంచి తెచ్చి మరీ ఒప్పుకున్నాడు. కనకరాజుగారు కాసేపు ఆయన్నే చూశారు. వ్యాపారంలో తూకం తగ్గిందని ఎవరైనా అడిగితే తప్ప ఒప్పుకోని మనుషుల్ని ఆయన చాలామందిని చూశారు.

తీర్పు మరిడమ్మ చెప్పింది. "ఒట్టు జాయింటు మీదేసేడు, కన్నం మీద కాదు. రెంచీ ఒగ్గక్కర్లేదు. ఆ మిగిలిన సగం తప్పు నాది. నాకెవులు సిచ్చేత్తారో ఎయ్యండి."

శిక్ష వెంకటరమణే వేశాడు. చోటు మారకూడదన్న ఆవిడ మాట తీసెయ్యకుండా, ఊళ్ళోకి వెళ్ళి లోతైన స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చి, దాని అంచుకి కన్నం కొట్టి, చిన్న కుళాయి బిగించాడు. దిమ్మని పళ్ళెంలో కూర్చోబెట్టి అదే తూర్పు మూలన పెట్టాడు. కరిగినంత పళ్ళెంలో చేరుతుంది, కుళాయి తిప్పితే గిన్నెలోకి దిగుతుంది. పైపుల చుట్టూ కన్నం సిమెంటుతో మూశాడు. కుళాయి జాయింటు పట్టుకున్నప్పుడు కిందనుంచి నాగజ్యోతి ఒకటి నుంచి ముప్ఫై దాకా పైకే లెక్కపెట్టింది. 

"లోకంలో బెల్లానికి కుళాయి పెట్టించుకున్నది నానొక్కద్దాన్నే" అని మరిడమ్మ సాయంత్రందాకా వీధిలో పోయేవాళ్ళందరికీ చెప్పింది. వరహాలక్ష్మి ఆ కుళాయి బెల్లంతోనే పరమాన్నం వండింది. ఇక పాటల సంగతి తెలుసుకుని, "రెండు దానిమ్మకాయలు దండగ చేశావు కదే" అని కోడలి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

జల్లు తగ్గాక వెంకటరమణ బయల్దేరాడు. గోతం బండికి కట్టి, అందరికీ చెప్పి, ఎక్సెల్ ఎక్కి కూర్చున్నాడు. నాగజ్యోతి సాగనంపడానికి వీధిలోకొచ్చి, అరుగు వైపు చూసి ఆగిపోయింది. రెంచీ పొద్దున పెట్టిన చోటే ఉంది. వాన తుంపర పడి పిడి మెరుస్తోంది.

చిన్నప్పుడు ఆ రెంచీని రెండు చేతులా గుండెకి ఆన్చుకుని మోసేది. ఇప్పుడు ఒక చేత్తో ఎత్తింది గాని, బరువు తగ్గలేదనిపించింది. చీర కొంగుతో తడి తుడిచి బండి దగ్గరికి తీసుకెళ్ళింది.

"నాన్నా, ఆ రోజు ఫోనులో నేనలా అడక్కుండా ఉండాల్సింది" అంది.  "అందరికంటే నాకే కదా తెలియాలి. ముప్ఫై లెక్కపెట్టింది నేనే కదా. అయినా నిన్ను అనుమానించేను."

వెంకటరమణ కూతురి తల మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచాడు. నాగజ్యోతి రెంచీని గోతంలో దోపి, పురికొస బిగించి కట్టింది.

"ఇదెలా మర్చిపోయేవు నాన్నా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన బండి స్టార్టు చేశాడు.

"మర్సిపోలేదే" అన్నాడు. "నువ్వు తెత్తావా లేదా అని సూత్తన్నాను."